మెట్లు లేవు, నాలుగే

జనవరి 27, సోమవారం

ధనరాజ్ పెళ్ళి కుదిరింది. ఫిబ్రవరి ఇరవై రాత్రి కోటబొమ్మాళిలో ముహూర్తం, అమ్మాయి వాళ్ళ ఊళ్ళో. మర్నాడు పొద్దున్న గజపతినగరంలో మా ఇంట్లో గృహప్రవేశం. ఫోన్‌లో చెప్తుంటే తమ్ముడి గొంతులో సంతోషం ఆగడం లేదు. నాకూ సంతోషమే. అది ఎంతసేపు ఉందంటే, వాడు ఈ మాట అనేదాకా.

"నువ్వేటీ బెంగెట్టుకోకక్కా. నలుగురం పట్టుకుని ఎత్తేస్తాం."

ఎత్తేస్తాం. లారీ గుద్ది నడుం కింద నుంచి చచ్చుబడి మూడేళ్ళు దాటింది. ఈ మూడేళ్ళలో నేను అందరి నోటా ఎక్కువగా విన్న మాట ఇదే. పోయిన వేసవిలో ఒక పెళ్ళికి వెళ్తే నలుగురు మహానుభావులు కుర్చీతో సహా ఎత్తారు. ఒకాయన కాళ్ళు పెట్టుకునే పలక పట్టుకున్నాడు, అది ఊడి ఆయన చేతికి వచ్చింది. ఇంకొకాయన చక్రం పట్టుకున్నాడు, అది తిరిగింది. నా చీర మోకాళ్ళ పైకి పోయింది. వీడియో కుర్రాడు లైటు వేసి మరీ తీశాడు. పెళ్ళి ఆల్బంలో ఆ ఫొటో ఉంది, నేను చూశాను.

ధనరాజ్‌కి చెప్పేశాను. నన్ను ఎవరూ ఎత్తకూడదు. నా చక్రాల మీద నేను రాగలిగితే వస్తాను, లేకపోతే లేదు. వాడు సరే అక్కా అన్నాడు. వాడు అన్నిటికీ సరే అంటాడు, అదే భయం.

జనవరి 29, బుధవారం

మధ్యాహ్నం నేను పనిచేసే లైబ్రరీలో ఎవరూ లేనప్పుడు కోటబొమ్మాళి మండపం మేనేజర్‌కి ఫోన్ చేశాను. చక్రాల కుర్చీతో వస్తాను, మెట్లున్నాయా అని అడిగాను.

"మెట్లు లేవండి, నాలుగే" అన్నాడు.

నాలుగుంటే ఉన్నట్టే కదా అన్నాను. నాలుగింటిని మెట్లనరు మేడం అన్నాడు. లిఫ్ట్ ఉందా అంటే ఉందన్నాడు, ఆ నాలుగూ ఎక్కాక ఉందట. పెళ్ళి రోజున అందులో వంటవాళ్ళ గుండిగలు వెళ్తాయట, నేను కాస్త ఆగాలట. బాత్‌రూం తలుపు వెడల్పెంతని అడిగితే మనిషి పడతాడండి అన్నాడు. టేపు పెట్టి కొలవమంటే టేపు లేదన్నాడు. చివరికి జానలతో కొలిచి మూడు జానలని చెప్పాడు. సాయంత్రం ఇంట్లో మా ఈయన చేత నా కుర్చీ జానలతో కొలిపించాను. మూడు జానల మీద రెండు వేళ్ళు. మేనేజర్ జాన పెద్దదో ఈయన జాన పెద్దదో ఆ భగవంతుడికే తెలియాలి.

జనవరి 31, శుక్రవారం

ఇక తిండి. అది నా సంగతి కాదు, ఈయన సంగతి.

రెండేళ్ళ కిందట విశాఖపట్నం డాక్టరు తేల్చాడు, ఈయన పేగులకి గోధుమ పడదని. పిండి, మైదా, రవ్వ, సేమ్యా, ఏ వేషంలోనూ లోపలికి వెళ్ళకూడదు. చెంచాడు వెళ్ళినా రెండు రోజులు మంచమే. జబ్బు ఈయనది, ఊరందరికీ చెప్పుకునే పని నాది. ఈయనకి మొహమాటం. మా వాళ్ళింట్లో ఎవరు ఏది వడ్డించినా పర్లేదండీ అని తినేస్తారు, తిరిగి శ్రీకాకుళం వచ్చాక కడుపు పట్టుకుని పడుకుంటారు. కందకి లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకోవచ్చు. కానీ కారు నడిపేది ఈయన. నేను కుర్చీకీ కారు సీటుకీ మధ్య చెక్క పలక వేసుకుని జరిగేటప్పుడు కుర్చీ కదలకుండా పట్టుకునేదీ ఈయనే. ఈయన పడుకుంటే నేను ఎక్కడిదాన్ని అక్కడే.

గృహప్రవేశం వంటలు గంగులువట. ఫోన్ చేశాను. గోధుమలేటీ ఎయ్యమమ్మా, అంతా బియ్యమే అన్నాడు. టిఫినేమిటంటే ఉప్మా, పూరీ అన్నాడు. ఉప్మా దేంతో చేస్తావంటే రవ్వతో అన్నాడు. రవ్వ దేని నుంచి వస్తుందంటే కొట్టు నుంచి అన్నాడు. పూరీ అసలు కుదరదని చెప్పాను. గంగులుకి నా మీద కోపం రాలేదు, ఈయన మీద జాలి వేసింది.

"పెళ్ళికొచ్చి పూరీ తినకపోతే ఎలాగమ్మా. అల్లుడుగారికి నాను విడిగా నెయ్యేసి కాలుస్తాను కదా."

చెవిటివాడి ముందు శంఖం ఊదడం అంటే ఇదే.

ఫిబ్రవరి 1, శనివారం

నేను వెళ్ళను.

ఫిబ్రవరి 2, ఆదివారం

నిన్న రాసింది నిన్నటిది. ఉన్నది ఒక్కడే తమ్ముడు, వెళ్ళకపోతే ఎలా.

ప్రయాణం గురించి ఈయనా నేనూ పొద్దుటినుంచి కూర్చున్నాం. రైలులో వస్తే హాయిగా ఉంటుందని చిన్నాన్న సలహా. రైలు ఆగే ఆ కాసేపట్లో నేనూ, నా కుర్చీ, నా పలక, ఈయన తిండి డబ్బాలు దిగాలి. నేను దిగినా కుర్చీ పలాసకి వెళ్ళిపోతుంది. కాబట్టి కారే.

కోటబొమ్మాళిలో పెళ్ళి చూసుకుని, రాత్రికి రాత్రి గజపతినగరం పోలేం, శ్రీకాకుళంలో ఆగితే పొద్దున్నకి అందుకోలేం కాబట్టి విజయనగరంలో రూము తీసుకుందామనుకున్నాం. ఏ లాడ్జికి ఫోన్ చేసినా కింది అంతస్తులో రూముందంటారు, బాత్‌రూంలోకి ఒక్క దిగుడు ఉందంటారు. ఒక్క దిగుడే కదా మేడం అంటారు. ఒకాయన ఫొటోలు పంపిస్తానన్నాడు. వచ్చినవి చూస్తే మంచం, టీవీ, కొత్త బకెట్టు. బకెట్టు రెండు వైపుల నుంచి తీశాడు. తలుపు మాత్రం ఏ ఫొటోలోనూ లేదు.

ఎప్పటిలాగే చేస్తాను. బయలుదేరే ముందు రాత్రి నుంచీ నీళ్ళు తాగను. దారిలో తాగను. చేరాక బాత్‌రూం చూసుకుని అప్పుడు తాగుతాను. మూడేళ్ళుగా నా ప్రయాణాలన్నీ నాలుక పిడచకట్టుకుపోయి జరుగుతున్నవే.

ఫిబ్రవరి 5, బుధవారం

అమ్మ ఫోన్. చీరల గురించి చెప్తూ చెప్తూ, రేఖకి గుమ్మం చీర కూడా తీసేశామని అనేసింది. అన్నాక నాలుక కరుచుకున్నట్టుంది, వెంటనే బంగాళాదుంపల ధర గురించి మొదలుపెట్టింది.

గుమ్మం చీర రేఖకి. కొత్త జంట వస్తే గుమ్మానికి అడ్డం నిలబడేది ఇంటి ఆడపడుచు. మొగుడి పేరు పెళ్ళాం చేత, పెళ్ళాం పేరు మొగుడి చేత చెప్పించి, తనకి కావలసింది కోరుకుని, వాళ్ళు ఇస్తామంటేనే దారి వదులుతుంది. మా మేనత్త అమ్మానాన్నల్ని ఎండలో నిలబెట్టి ఈనిన గేదెని అడిగి, దూడతో సహా తోలుకుపోయిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. ధనరాజ్‌కి ఏడేళ్ళప్పటినుంచి నేను బెదిరిస్తూనే ఉన్నాను, నీ పెళ్ళిలో మామిడితోట అడుగుతానురా అని. వాడికి తోడబుట్టింది నేనొక్కదాన్నే. రేఖ చిన్నాన్న కూతురు, మంచి పిల్ల, దాని తప్పేమీ లేదు.

"నిలబడాల కదే గుమ్మంలో. నీకెందుకే ఆ ఇబ్బంది" అంది అమ్మ.

రేఖైతేనే బాగుంటుందమ్మా అన్నాను. నాకేం పట్టింపు లేదు. ఇవన్నీ పాతకాలపు తంతులు.

ఫిబ్రవరి 6, గురువారం

నాకేం పట్టింపు లేదు. మండపం బాత్‌రూం టేపు కొలత ఇంకా రాలేదు. మళ్ళీ ఫోన్ చేస్తే, నిన్న చెప్పాను కదండీ మూడు జానలని అన్నాడు. నిన్న కాదు, పోయిన వారం.

ఫిబ్రవరి 9, ఆదివారం

టేపు పట్టుకుని గజపతినగరం వెళ్ళొచ్చాం. వీధి వైపు ఐదు మెట్లు, పైన అరుగు, ఆపైన గడప. ప్రమాదం తర్వాత ఒక్కసారి ఆ ఇంట్లోకి వెళ్ళాను, అదీ చిన్నాన్న వాళ్ళు మోసుకెళ్తే. ఆ తర్వాత ఎక్కువగా వాళ్ళే శ్రీకాకుళం వస్తున్నారు, నేను వెళ్ళినా కారు దిగను. నేను పుట్టి పెరిగిన ఇల్లు బయటి నుంచి ఎలా ఉంటుందో ఈ మూడేళ్ళలో బాగా తెలిసింది.

నాన్న పోయాక మా ఇంటి పెద్దరికం చిన్నాన్నది. పేరు నరసింగరావు, ఊళ్ళో ఎవరి పెళ్ళైనా పందిరి గుంజ ఎక్కడ పాతాలో ఆయనే చెప్పాలి. కారు దగ్గరకి వచ్చి, పదిమంది మగోళ్ళం ఉండగా నీకేటే అన్నాడు. ఎత్తొద్దు చిన్నాన్నా, మెట్ల పక్కన నా చక్రాలు ఎక్కేలా ఒక వాలు కట్టించండి చాలు అన్నాను. గృహప్రవేశం ముందు గుమ్మం ముందర పలుగు దించకూడదట. మరి పెళ్ళయ్యాక కట్టించండి అంటే, ఆ మూల బరువు పడితే ఇంటి పెద్దకి మంచిది కాదట. ముందర కాదు, తర్వాతా కాదు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు.

ధనరాజ్ కారు కిటికీ దగ్గరకి వచ్చి మెల్లగా, అక్కా దొడ్డి గుమ్మం ఉంది కదా అన్నాడు. దొడ్డి వైపు నాన్న వాలు కట్టించారు, బండి మీద వచ్చిన వడ్ల బస్తాలు లోపలికి లాగడానికి. గడప కూడా అరిగి నేలకి అంటుకుపోయింది. నాకు ఒళ్ళు మండింది. నేనేమన్నా బస్తానా, పశువుల సాల పక్క నుంచి ఈడ్చుకుపోతారా అన్నాను. వాడు తల దించుకుని వెళ్ళిపోయాడు. ఆలోచిస్తే అదే ఇంకా మండుతోంది. మా ఇంట్లో బస్తాకి వాలుంది, ఆడపిల్లకి లేదు.

అమ్మ ప్లేటులో పులిహోర, గ్లాసులో కాఫీ కారు దగ్గరకే తెచ్చింది. ఈయన మాత్రం ఇంట్లోకి వెళ్ళకుండా నాతోపాటు కారులోనే కూర్చున్నారు. ఉప్మా కూడా ఉందంటే నేనే వద్దన్నాను, పులిహోర అన్నమే కదా తినండి అని నేనే చెప్పాను. పుట్టింటి ముందు కారులో కూర్చుని కాఫీ తాగి వచ్చేశాను. వీధిలో పోయేవాళ్ళు ఆగి మరీ పలకరించారు, అదొకటి.

ఫిబ్రవరి 10, సోమవారం

ఈయన రాత్రి నుంచీ లేవలేదు. నాలుగుసార్లు వాంతి. ఆఫీసుకి సెలవు. నన్ను కారు ఎక్కించేవాళ్ళు లేక నాకూ సెలవు.

అన్నం, చింతపండు, వేరుశెనగ గుళ్ళు, పోపు. ఇందులో గోధుమ ఎక్కడ? అమ్మకి ఫోన్ చేసి ఏమేం వేశావని ఒక్కొక్కటీ అడిగాను. చివర్లో ఇంగువ అంది. నాకు ఆ వాసన పడదు, నా వంటలో వాడను. ఇంగువ డబ్బా మీద ఏం రాసుందో చదవమన్నాను. అమ్మకి ఆ చిన్న అక్షరాలు ఆనవు. రేఖని పిలిచి చదివించింది. గోధుమ పిండి అని రాసి ఉందట, ఇంగువ కంటే ముందర.

పెళ్ళివంట గంగులుకి పావుగంట పాఠం చెప్పినదాన్ని. మైదా, రవ్వ, సేమ్యా అని పద్యంలా అప్పచెప్పినదాన్ని. ఇంగువ నాకు తట్టలేదు. మా వాళ్ళ పప్పులో, చారులో, పులిహోరలో, ఆఖరికి మజ్జిగలో కూడా అదే. రెండేళ్ళుగా ఈయన మా పుట్టింటికి వెళ్ళొచ్చినప్పుడల్లా పడుకుంటుంటే, అల్లుడికి అత్తారిల్లు పడదురా అని చిన్నాన్న నవ్వుతున్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఈయనా నవ్వారు.

ఫిబ్రవరి 13, గురువారం

గొడవ. ఈయన లేచి కూర్చుని పెరుగన్నం తింటున్నారు. నేను మొదలుపెట్టాను. తేడాగా అనిపించినప్పుడు తినడం ఆపొచ్చు కదా, నోరు లేదా, వద్దు అనే మాట అంత బరువా అని అడిగాను. ఇంకా చాలా అన్నాను, రాయను.

ఈయన గట్టిగా మాట్లాడరు. కంచం పక్కన పెట్టి అన్నారు: "నాకు నోరు లేదు, నిజమే. నీకుంది కదా. బాత్‌రూం కొలతలు కోటబొమ్మాళి దాకా సెప్తావు. గుమ్మంలో నేనే ఉండాలని మీ అమ్మకి ఒక్కసారైనా సెప్పినావా?"

నాకు దాని గురించి పట్టింపు లేదన్నాను.

రోజూ అంటున్నావు ఆ మాట అన్నారు. అని కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయారు.

పట్టింపు లేకపోతే ఏడుపెందుకొస్తోందో తెలియదు.

ఫిబ్రవరి 15, శనివారం

అమ్మకి చెప్పాను. మొదట ఇంగువ గురించి మాట్లాడాను, తర్వాత చీరల గురించి, తర్వాత ఎండల గురించి. మూడుసార్లు ఫోన్ పెట్టేద్దామనుకున్నాను. చివరికి ఊపిరి పీల్చుకుని, గుమ్మంలో నేనే ఉంటానమ్మా, నాకు కావాలి అది, అన్నాను. గొంతు చిన్నపిల్ల గొంతులా వచ్చింది, నాకే సిగ్గేసింది.

అమ్మ తిడుతుందనుకున్నాను. ఏడుస్తోంది.

"మరి సెప్పవేటే. రేఖైతేనే బాగుంటాదని నువ్వే అన్నావు కదే. నీకు ఇష్టం లేదనుకున్నాను నాను."

నిలబడకపోతే ఫర్వాలేదా అని అడిగాను. కూర్చుని అడ్డుకోకూడదని ఎవరు చెప్పారు, అడ్డం ఉండడం కదా కావాలి అంది. మొన్న నిలబడాలన్నదీ తనే. ఇది అమ్మకి గుర్తు చేయలేదు.

లోపలికి ఎలా వస్తావే మరి అంది. దొడ్డి గుమ్మంలోంచి వస్తానన్నాను. జంట వచ్చేసరికి ఆడపడుచు ఇంటి లోపల ఉండాలి. ఎటు నుంచి వచ్చిందని ఎవరూ అడగరు. ఎత్తకుండా లోపలికి తెచ్చే దారి ఊరు మొత్తం మీద అదొక్కటే ఉంటే బస్తానైనా అవుతాను.

ఫిబ్రవరి 18, మంగళవారం

ధనరాజ్ కోటబొమ్మాళి వెళ్ళి టేపుతో కొలిచాడు. బాత్‌రూం తలుపు నా కుర్చీ కంటే రెండంగుళాలు తక్కువ. నాలుగు మెట్లకి బల్లలు వేయిస్తామన్నారట, తలుపుని ఏం చేస్తారు. ముహూర్తం, తలంబ్రాలు, అప్పగింతలు అయ్యేదాకా అంతసేపు నేను నీళ్ళు తాగకుండా ఉండగలను గానీ, బాత్‌రూంకి వెళ్ళకుండా ఉండలేను.

పెళ్ళికి వెళ్ళను. ఈసారి కోపంతో రాయడం లేదు. కోటబొమ్మాళీ, గజపతినగరమూ రెండూ నా వల్ల కావు. ఒకటి ఎంచుకోవాలి, గుమ్మం ఎంచుకున్నాను. చెప్తే ధనరాజ్ ఈసారి సరే అక్కా అని అనలేదు.

ఫిబ్రవరి 20, గురువారం

గజపతినగరంలో మా ఇంట్లో ఉన్నాను. మూడేళ్ళ తర్వాత నా చక్రాల మీద నేను వచ్చాను. దొడ్డి వైపు గడ్డి పరిపించాడు ధనరాజ్, అయినా ఎడమ చక్రానికి పేడ అంటింది. ఈయన తుడుస్తానంటే నేనే తుడుచుకున్నాను.

బయలుదేరే ముందు రేఖ గుమ్మం చీర తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. నాకు రంగు నచ్చలేదక్కా, నువ్వే కట్టుకో అంది. అబద్ధం. ఆకుపచ్చ అంటే దానికి ప్రాణం.

అందరూ రెండు కార్లలో, ఒక బస్సులో వెళ్ళిపోయారు. ఇంట్లో మేమిద్దరమే. గదులన్నీ తిరిగాను. వంటింట్లో డబ్బాలన్నీ నాకు అందనంత ఎత్తులో ఉన్నాయి. అమ్మకి చెప్పాలి. ఈయన ఇంగువ డబ్బా వెతికి తీసి, పై అరలో వెనక్కి తోసేశారు. తర్వాత తనే అన్నం వండి, మిరియాల చారు పెట్టారు. ఈ ఇంట్లో ఆయన భయం లేకుండా తిన్న మొదటి అన్నం ఇదేనట.

ముహూర్తం వేళకి రేఖ వీడియో కాల్ చేసింది. పాపం దాన్ని ఎవరో తోస్తున్నారు, చేయి పైకెత్తి పట్టుకుంది. తమ్ముడి పెళ్ళిలో నేను ఎక్కువసేపు చూసినవి మండపం ఫ్యాన్లు. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు మాత్రం ఒక్క క్షణం ధనరాజ్ ముఖం కనిపించింది. వాడు ఫోన్ వైపే చూస్తున్నాడు.

ఏడ్చాను. ఈయన వచ్చి పక్కన కూర్చున్నారు. ఏమన్నా అని ఉంటే మళ్ళీ గొడవ అయ్యేది.

ఫిబ్రవరి 21, శుక్రవారం

మొత్తం రాయాలి, మర్చిపోకముందే.

పొద్దున్నే తలంటుకుని ఆకుపచ్చ చీర కట్టుకున్నాను. గంగులు అన్నంత పనీ చేశాడు, ఈయనకి నెయ్యి వేసి కాల్చిన పూరీలు నాలుగు పట్టుకొచ్చాడు. ఈయన నా వైపు చూశారు. నేను జడ వేసుకుంటున్నట్టు నటించాను. ఈయన గొంతు సవరించుకుని, నాకు పడదు గంగులూ, తింటే మంచాన పడతాను, తీసుకెళ్ళిపో అన్నారు. గంగులు చిన్నబుచ్చుకుని తీసుకెళ్ళిపోయాడు. ప్రపంచం ఏమీ తలకిందులు కాలేదు.

కార్ల హారన్లు వినిపించగానే వీధి గుమ్మం దగ్గరకి వెళ్ళి, గడపకి ఇవతల కుర్చీని నిలిపి బ్రేకులు వేశాను. అప్పుడు గమనించాను. ఇటు చక్రం ద్వారబంధానికి ఈ పక్క, అటు చక్రం ఆ పక్క. నా కుర్చీ వెడల్పు గురించి నెల రోజులుగా నెత్తీ నోరూ కొట్టుకుంటున్నాను. మా ఇంటి వీధి గుమ్మంలో అది చేత్తో కొలిచి చేసినట్టు సరిపోయింది.

అరుగు మీద హారతిచ్చారు. పెళ్ళికూతురు దుర్గని మొదటిసారి ఎదురుగా చూశాను. బక్కపలచని పిల్ల, అలసిపోయి ఉంది, బాసికం పక్కకి జారింది. ధనరాజ్ నన్ను గుమ్మంలో చూసి నవ్వాడు, కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి. వాడి చేత దుర్గ పేరు చెప్పించాను. దుర్గ మాత్రం, ధనరాజ్ గారు అని నోట్లోనే అంది. వినపడలేదన్నాను. ఊరంతా వినేలా అంది.

చిన్నాన్న వెనక నుంచి, అయిపోనాది కదా అడ్డం తియ్యే, రాహుకాలం వచ్చేస్తన్నాది అన్నాడు. నేను ఇంకా కోరలేదు చిన్నాన్నా అన్నాను. అందరూ నవ్వారు. మామిడితోట అంటున్నాడు ధనరాజ్.

మామిడితోట వద్దు అన్నాను. "వీధి మెట్ల పక్కన వాలు కావాలి. ఎవరూ ఎత్తకుండా నేను ఈ గుమ్మంలోంచి ఇంట్లోకి రావాలి."

నవ్వులు ఆగిపోయాయి. చిన్నాన్న ముఖం గంటు పెట్టుకున్నాడు. ఇప్పుడా ఇది అడగడం అన్నాడు. ఆ మూల బరువు పడకూడదని ముందే చెప్పానన్నాడు. మేనత్త గేదెని అడిగితే ఇచ్చారు కదా అన్నాను. గేదె నడిసెల్లిపోయింది, సిమెంటు ఇక్కడే ఉంటాది అన్నాడు. పంతులుగారు గడియారం చూసుకుంటున్నారు. మెట్ల మీద ఎండ, కింద జనం, ఎవరో పిల్ల ఏడుస్తోంది. గడపకి ఇవతల నేను ఒక్కదాన్నే నీడలో ఉన్నాను.

"దాన్ని కుర్సీతో సహా ఎత్తి పక్కనెట్టండర్రా" అన్నాడు చిన్నాన్న.

ఇద్దరు ముందుకొచ్చారు. ఒకతను గడప మీదుగా వంగి నా కుర్చీ చేతులు పట్టుకున్నాడు. నెల రోజులుగా అరిచిన దాన్ని, అప్పుడు మాట రాలేదు.

నా వెనక నుంచి ఈయన అన్నారు. "వద్దు మావయ్యా. ఆమెని ముట్టుకోవద్దు. తనకి తానే కుర్చీ తీసేదాకా ఎవరూ ముట్టుకోవద్దు."

ఈయన గొంతు అంత పెద్దదని నాకు పెళ్ళైన ఇన్నేళ్ళలో తెలియదు. అతను చేతులు తీసేశాడు. అల్లుడు ఎదురు చెప్పడం చిన్నాన్న ఎప్పుడూ వినలేదు, ఏం చేయాలో తోచక తువ్వాలు దులుపుకున్నాడు. అమ్మ మెట్ల మీద నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.

అప్పుడు దుర్గ వంగింది. నా కాళ్ళకి దండం పెడుతుందనుకున్నారు అందరూ. నా చెవి దగ్గర నోరు పెట్టింది.

"వదినా, మావయ్యగారు కట్టకపోతే నాను కట్టిస్తాను, ఒట్టు. బాత్‌రూం ఎటేపో సెప్పండి ముందర. కోటబొమ్మాళి నుంచీ ఎక్కడా ఆపనేదు."

రాత్రంతా ఆ పట్టుచీరలో, ఆ జనంలో, ఆ తెల్లవారుజాము కారులో, కొత్తపెళ్ళికూతురు నోరు తెరిచి అడగలేక. ఆ బాధ నాకు తెలిసినంతగా ఈ రెండు జిల్లాల్లో ఎవరికీ తెలియదు. బ్రేకులు తీసి కుర్చీ వెనక్కి జరిపాను. కుడికాలు ముందు పెట్టి, ఎడమ చేతి వైపు రెండో తలుపు, పరిగెత్తు అన్నాను. పరిగెత్తింది. కొంగుముడి ఇంకా విప్పలేదు, దాని వెనక ధనరాజ్ కూడా పరిగెత్తాడు.

చిన్నాన్న గడప దాటుతూ నా వైపు చూడకుండా, కట్టిస్తాంలే అన్నాడు. పంతులుగారు విన్నారు, నలుగురూ విన్నారు.

మార్చి 9, ఆదివారం

చిన్నాన్న వాలు కట్టించాడు. ధనరాజ్ ఫొటో పంపించాడు. అది వాలు కాదు, గోడని కొంచెం వెనక్కి వంచారు. ఐదు మెట్ల ఎత్తు, రెండు బారల పొడుగు. దాన్ని ఎక్కాలంటే నాకు తోక ఉండాలి. చిన్నాన్నకి ఫోన్ చేస్తే ఆయన చాలా సంతోషంగా ఉన్నాడు. మరేటీ ఫరవాలేదే, ఇద్దరం ఎనకాల పట్టుకుని తోసేస్తాం అన్నాడు.

నేను వెళ్ళను.

అదే రోజు, సాయంత్రం

దుర్గ ఫోన్ చేసింది. మధ్యాహ్నం నిండు గ్యాస్ బండని పడుకోబెట్టి ధనరాజ్ చేత ఆ వాలు మీదకి దొర్లించి చూసిందట. సగం దాకా వెళ్ళి తిరిగి వాడి కాలి మీదకే వచ్చిందట. వాడు గెంతుతుంటే మేస్త్రీని పిలిపించి, మొత్తం పగలగొట్టించేసింది. పెళ్ళై ఇరవై రోజులు కాలేదు.

"కొలతలు సెప్పండి వదినా, మేస్త్రీ పక్కనే ఉన్నాడు" అంది.

అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడుగు ఉండాలి, మధ్యలో మలుపు తిప్పుకోవచ్చు, గడప దగ్గర చెక్క పెట్టాలి అని చెప్పాను. మేస్త్రీకి గట్టిగా అప్పచెప్పింది. వెనక నుంచి చిన్నాన్న గొంతు వినిపించింది, అంత పొడుగేటి, వీధిలోకి వచ్చేస్తాది కదా అని.

"రానీండి" అంది దుర్గ.

సిమెంటు ఆరాక వెళ్తాం.